‘ఎప్పట్నుంచో’ అంటే ఎప్పట్నుంచి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఆడ, మగ, శరీరం, ఇష్టం. నేను ముప్పై నాలుగేళ్ళు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందులో కొన్ని తప్పుగా చెప్పాను. వాటిని దిద్దుకోవడానికి ఈ ఉత్తరాలు ఒక అవకాశం ఇచ్చాయి. అందుకే ఈ నెల ఆరు ఉత్తరాలకే జవాబిస్తున్నాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేశాను.

టీచర్ గారూ, మా బాబుకి నాలుగేళ్ళు. గులాబీ రంగు బ్యాగే కావాలంటాడు. వాళ్ళక్క గోళ్ళకి రంగు వేసుకుంటుంటే వీడూ చేతులు చాపుతాడు. ‘వాణ్ణి ఆడపిల్లలా తయారుచేస్తున్నావు’ అని మావారు నన్ను కేకలేస్తున్నారు. ‘నీలం మగపిల్లలది, గులాబీ ఆడపిల్లలది, ఎప్పట్నుంచో ఉన్నదే కదా’ అంటారు మా అత్తగారు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

అమ్మా, ముందు మీ అత్తగారి మాట చూద్దాం. ఎవరైనా ‘ఎప్పట్నుంచో ఉంది’ అంటే ‘ఎప్పట్నుంచి?’ అని అడగడం నాకు అలవాటు. చాలాసార్లు దానికో తేదీ దొరుకుతుంది. తేదీ దొరికిందంటే, ఆ నియమాన్ని ఎవరో మనుషులే పెట్టారన్న మాట.

రంగుల సంగతే తీసుకోండి. 1918లో అమెరికాలో పసిపిల్లల బట్టల వ్యాపారులకోసం వచ్చే ఒక పత్రిక, గులాబీ రంగు మగపిల్లలకు, నీలం ఆడపిల్లలకు అని రాసింది. గులాబీ గట్టి రంగు, ఎరుపుకి దగ్గరిది కాబట్టి మగపిల్లలకి నప్పుతుందట. నీలం నాజూకుగా ఉంటుంది కాబట్టి ఆడపిల్లలకట. ఇప్పుడు మీ ఇంట్లో వినబడుతున్నదానికి సరిగ్గా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బట్టల కంపెనీలు నెమ్మదిగా ఇప్పటి పద్ధతిలో స్థిరపడ్డాయి. అంతకు ముందు తరాల్లో అక్కడి పసిపిల్లలకి ఎక్కువగా తెల్లబట్టలే వేసేవారు. మరక పడితే ఉడకబెట్టి ఉతకచ్చు కదా. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి రెండున్నరేళ్ళ వయసులో, 1884లో తీసిన ఫోటో ఒకటుంది. తెల్లటి గౌను, భుజాల దాకా జుట్టు. అప్పట్లో ఆరేడేళ్ళొచ్చేదాకా మగపిల్లలకీ గౌన్లు మామూలే. ఆ గౌను చూసి వాళ్ళమ్మని ఎవరూ కేకలేసి ఉండరు.

ఎత్తు మడమల చెప్పులూ అంతే. గుర్రం మీద నిలబడి బాణం వెయ్యాలంటే రికాబులో పాదం జారకూడదు. అందుకు పర్షియా రౌతులు వాడిన చెప్పులవి. యూరప్‌కి వెళ్ళాక మగవాళ్ళే ముందు తొడిగారు. 1701లో వేసిన చిత్రంలో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల చెప్పులు వేసుకుని, కాళ్ళు కనబడేలా నిలబడి ఉంటాడు. అది రాజసానికి గుర్తు. అదే దేశపు రాజధానిలో 1800లో పోలీసులు ఒక ఉత్తర్వు ఇచ్చారు. స్త్రీలు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలి. తర్వాత 1892లోనూ 1909లోనూ సడలించి, చేతిలో సైకిల్ హ్యాండిలో గుర్రం పగ్గమో ఉంటే ఫర్వాలేదన్నారు. అది ఇక చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది 2013లో! ఎవరూ పట్టించుకోకపోయినా కాగితం మీద మాత్రం రెండు వందల ఏళ్ళు దాటి బతికింది.

ఇక మీవారి భయం. గులాబీ బ్యాగు పిల్లవాణ్ణి ఆడపిల్లని చెయ్యదు, నీలం బ్యాగు మగపిల్లవాణ్ణి చెయ్యదు. పిల్లలు ఎవరవుతారన్నది బ్యాగులో ఉండదు. కానీ పెద్దల చూపు మాత్రం పిల్లల్ని తాకుతుంది. 1976లో ఇద్దరు అమెరికా పరిశోధకులు రెండు వందల మందికి పైగా పెద్దవాళ్ళకి ఒక వీడియో చూపించారు. అందులో తొమ్మిది నెలల బిడ్డ ఉంది. పెట్టెలోంచి బొమ్మ ఠక్కున లేస్తే బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. అబ్బాయని చెప్పినవాళ్ళకి ఆ ఏడుపులో కోపం ఎక్కువగా కనబడింది. అమ్మాయని చెప్పినవాళ్ళకి భయం కనబడింది. ఒకే బిడ్డ, ఒకే ఏడుపు. ఈ ముక్క నేను క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లలు నవ్వేవారు. మా అబ్బాయి చిన్నప్పుడు మోకాలు చెక్కుకుని వస్తే ‘ఏం కాలేదు, లే’ అన్నది నేనే, అమ్మాయి వస్తే ఒళ్ళోకి తీసుకున్నదీ నేనే. ఆ తేడా నాకు అప్పుడు కనబడలేదు.

బ్యాగు కొనిపెట్టండి. గోళ్ళకి రంగు కావాలంటే వెయ్యండి. బయట ఎవరైనా ఎగతాళి చేస్తే ఏమనాలో మాత్రం వాడికి ముందే నేర్పండి: ‘నాకు ఈ రంగు ఇష్టం.’ నాలుగేళ్ళ పిల్లవాడికి ఆ ఒక్క వాక్యం చాలు. మీవారికి రూజ్‌వెల్ట్ ఫోటో వెతికి చూపించండి.

మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. సెక్స్ ప్రకృతి ఇచ్చేది, జెండర్ సమాజం ఇచ్చేది అని మా లెక్చరర్ చెప్పారు. తెలుగులో రెండిటికీ లింగం అనే మాటే. నా సందేహం ఏమిటంటే, సమాజమే ఇచ్చేదైతే పెంపకం మార్చి ఎవరినైనా ఎలాగైనా తయారుచెయ్యవచ్చా? – ఒక విద్యార్థిని

ఈ ప్రశ్నని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త నిజంగానే ఒక బిడ్డ మీద పరీక్షించాడమ్మా. అందుకే దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి.

జెండర్ అనే మాట అంతకు ముందు ఎక్కువగా వ్యాకరణంలో వాడేవారు. 1955లో జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘జెండర్ రోల్’ అనే మాటని మనుషులకి వాడాడు. శరీరం ఒకటి, ఆడగానో మగగానో మసలుకోవడం మరొకటి అన్నది ఆయన చెప్పిన తేడా. ఉపయోగపడే తేడానే. మీ లెక్చరర్ చెప్పినదానికి మూలం అక్కడుంది.

కెనడాలోని విన్నిపెగ్‌లో 1965లో పుట్టిన కవలల్లో ఒక మగబిడ్డకి సున్తీ చేస్తుండగా పురుషాంగం కాలిపోయింది. ఏం చెయ్యాలో తెలియని తల్లిదండ్రులు మనీ దగ్గరికి వెళ్ళారు. పసితనం నుంచి ఆడపిల్లగా పెంచితే ఆడపిల్లే అవుతుందని ఆయన నమ్మకం. రెండేళ్ళు నిండకముందే శస్త్రచికిత్స చేశారు, ఆడపిల్ల పేరు పెట్టారు, గౌన్లు వేశారు. ప్రయోగం చక్కగా సాగుతోందని ఆయన ప్రపంచానికి చెప్పుకున్నాడు. ఇంట్లో జరుగుతున్నది వేరు. ఆ పిల్ల గౌన్లు చించేసుకునేది, బళ్ళో ఒంటరిగా నలిగిపోయేది. పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి నిజం చెప్పాడు. వెంటనే అబ్బాయిగా మారి, డేవిడ్ అని పేరు పెట్టుకున్నాడు. డేవిడ్ రైమర్ అన్న పేరుతో తన కథ తనే బయటికి చెప్పుకున్నాడు, ఇంకెవరికీ ఇలా జరగకూడదని. 2004లో, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇది చదివి ‘చూశారా, అంతా పుట్టుకే, సమాజం పాత్ర ఏమీ లేదు’ అనేవాళ్ళుంటారు. నేనలా అనుకోను. ఎవరు వంట చెయ్యాలి, ఎవరు ఏడవచ్చు, ఎవరి జీతం ఎక్కువ, ఏ పని మగవాళ్ళది, ఇవన్నీ సమాజం రాసినవే, తిరిగి రాసినవే. 1946లో అమెరికాలో ప్రపంచానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు స్త్రీలు. అప్పుడది గుమాస్తా పనిలాంటిదనుకున్నారు. ఆ పనికి విలువా జీతమూ పెరిగాక అది మగవాళ్ళ బుర్రకే సరిపోయే పని అయింది. బుర్రలు మారలేదు, విలువ మారింది.

కానీ ‘నేను ఎవరిని’ అని లోపల ఒక మనిషికి తెలిసే సంగతి ఉంది చూడండి, దాన్ని పైనుంచి పోసి నింపలేరు. డేవిడ్ ఇంట్లో తల్లి, తండ్రి, డాక్టరు, బడి అందరూ కలిసి చెప్పినా అది మారలేదు. ట్రాన్స్ వ్యక్తులు చెప్పేదీ ఇదే కదా: ‘మీరందరూ నన్ను ఒకలా పెంచారు, నాకు మాత్రం నేను వేరని తెలుసు.’ డేవిడ్ మాట నమ్మేవాళ్ళు వాళ్ళ మాట నమ్మడానికి ఎందుకు తటపటాయిస్తారో నాకు అర్థం కాదు.

మీ లెక్చరర్ చెప్పిన మొదటి సగం, అంటే సెక్స్ ప్రకృతి ఇచ్చేది అన్నది కూడా అంత నిటారుగా ఉండదు. కింది ఉత్తరం చదవండి.

మాకు మూడు నెలల బిడ్డ. పుట్టినప్పుడు జననాంగాలు చూసి ఆడో మగో స్పష్టంగా చెప్పలేకపోయారు. ఏడాది లోపు ఆపరేషన్ చేసి ‘సరిచేసేస్తాం’, పెద్దయ్యాక గుర్తుండదు అంటున్నారు సర్జన్. బంధువులు ఫోన్ చేసి ‘పాపా, బాబా?’ అని అడిగితే మేం ఫోన్ తియ్యడం లేదు. ఏం చెయ్యమంటారు? – భార్యాభర్తలు

మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి ఒకటి అడిగాను. ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం మళ్ళీ రాస్తున్నాను. ఇలాంటి బిడ్డ పుట్టగానే ముందు చూపించాల్సింది సర్జన్‌కి కాదు, పిల్లల హార్మోన్ల డాక్టర్‌కి, అంటే పీడియాట్రిక్ ఎండోక్రైనాలజిస్ట్‌కి. అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైమ్ లోపం వల్ల కొందరు బిడ్డలు ఇలా పుడతారు. వాళ్ళలో కొందరికి ఒంట్లోని ఉప్పు బయటికి పోయి, మొదటి రెండు మూడు వారాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపరీక్షలో తెలుస్తుంది, మందులున్నాయి. మూత్రం బయటికి రావడానికి అడ్డున్నా ఆలస్యం చెయ్యకూడదు. మీ బిడ్డకి ఈ రెండూ లేవని పరీక్షల్లో తేలిందని చెప్పారు. నాకు ఊపిరి అందింది.

అయితే ఇప్పుడు మిగిలిన ఆపరేషన్ ఎవరికోసం? బిడ్డకి నొప్పి లేదు, జ్వరం లేదు, పాలు తాగుతోంది. చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉంది, అంతే. అలాంటి కోత ఆగవచ్చు. ఆగాలని నేను గట్టిగా అంటాను. కోసేసిన భాగాన్ని తిరిగి పెట్టలేరు. తర్వాతి జీవితంలో స్పర్శ పోవచ్చు, సంతానం కనే శక్తి పోవచ్చు, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు అవసరం కావచ్చు. పైగా ఆ బిడ్డ ఎదిగి ‘నేను ఫలానా’ అని చెప్పేది మీరు ఎంచిన దానికి వేరుగా ఉండవచ్చు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. కణాల్లో జన్యువుల్ని మోసే క్రోమోజోముల గురించి ఏటా బోర్డు మీద రెండు వరసలు రాసేదాన్ని. ఎక్స్ ఎక్స్ అంటే ఆడ, ఎక్స్ వై అంటే మగ. ఒక గీత గీసి, కిందికి ఏమీ లేదన్నట్టు చెయ్యి దులుపుకునేదాన్ని. ఒక సంవత్సరం, క్లాసు అయిపోయాక ఒక అమ్మాయి గది ఖాళీ అయ్యేదాకా ఆగింది. పద్దెనిమిదేళ్ళు దాటినా నెలసరి రాలేదని పరీక్షలు చేయించారట. ‘మేడమ్, నాకు ఎక్స్ వై అని రిపోర్ట్ వచ్చింది. మీరు బోర్డు మీద రాసినదాని ప్రకారం నేనెవర్ని?’ అంది. చేతిలో సుద్దముక్క ఉంది, నోట్లో మాట లేదు. ‘కనుక్కుని చెబుతాను’ అన్నాను. కనుక్కునేసరికి పరీక్షలయ్యాయి, ఆ అమ్మాయి కాలేజీ వదిలి వెళ్ళిపోయింది.

కనుక్కున్నది ఇది. గర్భంలో మొదటి ఆరు వారాలు బిడ్డలందరిలోనూ ఒకేలాంటి ముడిసరుకు ఉంటుంది. వై క్రోమోజోమ్ మీద ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉందని 1990లో లండన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అది మీట నొక్కితే వృషణాలు తయారవుతాయి, అవి హార్మోన్లు విడుదల చేస్తాయి, శరీరం ఆ హార్మోన్లని అందుకుని రూపుదిద్దుకుంటుంది. ఇదంతా ఒక్క అడుగు కాదు, చాలా అడుగులు. ఏ అడుగు దగ్గరైనా దారి వేరు కావచ్చు. ఆ జన్యువు ఎక్స్ మీదికి చేరితే ఎక్స్ ఎక్స్ ఉన్న మగబిడ్డ పుడతాడు. హార్మోన్ ఉన్నా శరీరం అందుకోలేకపోతే ఎక్స్ వై ఉన్న బిడ్డ ఆడరూపంలో పెరుగుతుంది. ఆ అమ్మాయిది బహుశా ఇదే. తను అమ్మాయే. నేను ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పగలిగి ఉండాల్సింది.

బోర్డు మీది ఆ రెండు వరసల్ని క్రీడా సంఘాలు కూడా నమ్మాయి. 1968 ఒలింపిక్స్ నుంచి స్త్రీల పోటీలకి క్రోమోజోమ్ పరీక్ష పెట్టారు. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పటీన్యో 1985లో ఆ పరీక్షలో ఎక్స్ వై అని తేలింది. తన శరీరం ఆ హార్మోన్లని అందుకోదు, అంటే దానివల్ల ఆమెకి ఏ లాభమూ లేదు. అయినా పేరు పత్రికలకెక్కింది, స్కాలర్‌షిప్ పోయింది, పెళ్ళాడాల్సినవాడు వదిలేశాడు. పోరాడి 1988లో తిరిగి అర్హత తెచ్చుకుంది. ఒలింపిక్ కమిటీ 1999లో ఆ పరీక్షలు మానేసింది. ఆ తర్వాత ఇంకో రూపంలో ఆ వాదం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది.

ఇంకో చోట ఇంకోలా జరిగింది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక మారుమూల పల్లె. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా ఉండి, యవ్వనం రాగానే గొంతు బొంగురుపోయి, పురుషాంగం పెరిగి, మగవాళ్ళవుతారు. జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అనే డాక్టర్ దాని కారణాన్ని 1974లో ప్రచురించారు. ఒక ఎంజైమ్ లోపం. ఆ పల్లె వాళ్ళకి కారణం తెలియకముందే దానికి ఒక పేరు ఉంది. పేరుంది కాబట్టి ఆ పిల్లవాడు వింత కాదు, అలాంటివాళ్ళు ఊళ్ళో ఉంటారని అందరికీ తెలుసు.

మీకు కావలసినదీ అలాంటి మాటే. ఆడో మగో స్పష్టంగా తేల్చలేని శరీరంతో పుట్టడాన్ని ఇంటర్‌సెక్స్ అంటారు. ఫోన్ తియ్యండి. ‘బిడ్డ బావుంది, పరీక్షలు జరుగుతున్నాయి, పేరు పెట్టాక చెబుతాం’ అనండి. అబద్ధం ఒక్కటీ లేదు అందులో. డాక్టర్ల బృందంతో మాట్లాడి, ఏ విధంగా పెంచితే బిడ్డకి ఎక్కువ నప్పవచ్చో ఆలోచించి, అలా పెంచండి. ఎవరికైనా చెల్లే పేరు పెట్టండి. బిడ్డే మరోలా చెప్పిన రోజు వినడానికి సిద్ధంగా ఉండండి.

సర్జన్ తొందరపెడితే ఈ సంగతి చెప్పండి: అత్యవసరం కాని ఇలాంటి శస్త్రచికిత్సల్ని మాల్టా దేశం 2015లో చట్టం చేసి ఆపింది. మన దగ్గర 2019లో మద్రాసు హైకోర్టు, తల్లిదండ్రుల సమ్మతి బిడ్డ సమ్మతి కాదని చెప్పి, ఆపమంది. తమిళనాడు ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వులిచ్చింది. మీరున్న రాష్ట్రంలో అలాంటి ఉత్తర్వు లేకపోయినా సంతకం మీ చేతిలోనే ఉంది. మీరు పెట్టకపోతే ఆపరేషన్ జరగదు.

అమ్మా, ఈ స్వలింగ ప్రేమలు, ట్రాన్స్‌జెండర్లు అంతా విదేశాల నుంచి ఈమధ్య దిగుమతి అయినవే. మన దగ్గర ఇవి ఎన్నడూ లేవు. పత్రికలు కూడా వీటినే మోస్తున్నాయి. – డెబ్బై రెండేళ్ళ పాఠకుడు

మీరు నాకన్నా పెద్దవారు. కోపంతో కాకుండా దిగులుతో రాశారని ఉత్తరంలో తెలుస్తోంది. కాబట్టి తేదీలే మీ ముందు పెడతాను.

విదేశాల నుంచి వచ్చింది ఒకటుంది, నిజమే. అది చట్టం. ఇంగ్లాండులో 1533లో చేసిన చట్టం వారసత్వంగా, వలస ప్రభుత్వం 1860లో మన శిక్షాస్మృతిలో, స్వలింగ సంబంధాల్ని నేరం చేసే 377వ సెక్షన్ పెట్టింది. 1871లో నేరస్థ జాతుల చట్టం చేసినప్పుడు దాని రెండో భాగం హిజ్రాల గురించి. పేర్లు రిజిస్టర్‌లో రాయాలి, స్త్రీల దుస్తుల్లో బహిరంగంగా కనబడినా ఆడినా పాడినా అరెస్టు చెయ్యవచ్చు. అలాంటి చట్టమే నిజాం రాజ్యంలో 1919లో వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. ఇంగ్లాండు తన దేశంలో ఇద్దరు వయోజన పురుషుల ప్రేమని 1967లో నేరం కాదంది. మనం వాళ్ళ సెక్షన్‌ని 2018 సెప్టెంబరు 6 దాకా మోశాం.

మన దగ్గర ఎన్నడూ లేవా? కామసూత్రంలో ‘తృతీయా ప్రకృతి’ అన్న మాట ఉంది. విరాటపర్వంలో అర్జునుడు బృహన్నలగా ఏడాది గడిపాడని, శిఖండి ఎవరని, మీ తరానికి నేను చెప్పాలా? ఆ కథలు చెప్పినవాళ్ళకి ఇలాంటి మనుషులు తెలియకుండా ఎలా ఉంటారు? ఒక్క మనమే కాదు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో బుగిస్ ప్రజలు ఐదు రకాల మనుషుల్ని లెక్కపెడతారు. మెక్సికోలోని హుచితాన్ పట్టణంలో మూషేలు ఉన్నారు, సమోవాలో ఫాఫఫీనేలు ఉన్నారు. మగపిల్లలుగా పుట్టి, ఆడవాళ్ళలా మసలుకునే వాళ్ళకి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేర్లవి.

అయితే ఇదంతా బంగారు కాలమని నేననను. ఉత్తర అల్బేనియా కొండల్లో, ఇంట్లో మగదిక్కు లేకపోతే ఒక స్త్రీ జీవితాంతం బ్రహ్మచర్యానికి ఒట్టేసి, మగదుస్తులు వేసుకుని ఇంటి పెద్దగా బతికే ఆచారం ఉండేది. వినడానికి స్వేచ్ఛలాగే ఉంటుంది. ఆస్తి, తుపాకి, మాట మగవాళ్ళకే అన్న నియమం అంత గట్టిది కాబట్టి ఆ దారి పెట్టారు. మన దగ్గరా హిజ్రాల దీవెన కోసం తల వంచి, వాళ్ళే అద్దెకి ఇల్లు అడిగితే తలుపు వేసేశాం. చోటు ఉండడం, బతుకుతెరువు ఉండడం వేరు వేరు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి తమ గుర్తింపు తామే చెప్పుకునే హక్కుందన్నప్పుడు చదువు, ఉద్యోగం గురించి కూడా మాట్లాడింది అందుకే.

మీ దిగులు ‘మన పిల్లలు ఏమైపోతారో’ అనైతే, ఒక్కటి అడుగుతాను. మీ బంధువుల్లో, స్నేహితుల్లో పెళ్ళి వద్దని ఒంటరిగా ఉండిపోయినవాళ్ళు, బలవంతపు పెళ్ళిలో ఇద్దరు మనుషులూ ఎండిపోయినవాళ్ళు మీకు గుర్తొస్తున్నారా? వాళ్ళలో ఒక్కరినైనా కారణం అడిగామా మనం?

నాకు ఇరవై మూడేళ్ళు. నాకు అమ్మాయిలంటేనే ఇష్టం. ఇంట్లో తెలిసి, ‘నయం చేయించే’ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామంటున్నారు. ఇది జబ్బా? – పేరు వద్దన్న పాఠకురాలు

కాదు తల్లీ.

ఇది జబ్బు కాదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 డిసెంబరులో జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న అదే చేసింది. భారత మానసిక వైద్యుల సంఘం కూడా ఇది వ్యాధి కాదని 2018లో ప్రకటించింది. ‘నయం చేస్తాం’ అని చేసే చికిత్సలు వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకి తెలిపింది. అంటే మీవాళ్ళు తీసుకెళ్ళే డాక్టర్ ఒప్పుకుంటే తప్పు చేస్తున్నది ఆ డాక్టరే. ఈ పేరా కత్తిరించి మీ అమ్మగారికి ఇవ్వండి.

మీకోసం ఇంకో సంగతి. 1972లో అమెరికా మానసిక వైద్యుల సభలో ఒకాయన ముఖానికి ముసుగు వేసుకుని, గొంతు గుర్తుపట్టకుండా మార్చే మైకు పెట్టుకుని మాట్లాడారు. తను స్వలింగ ప్రేమికుణ్ణని, తనూ మానసిక వైద్యుణ్ణేనని చెప్పారు. పేరు జాన్ ఫ్రయర్. పేరు బయటపడితే ఉద్యోగం పోయే రోజులు. మరుసటి ఏడే ఆ జబ్బు జాబితా మారింది. ‘హోమోసెక్సువల్’ అన్న మాట అచ్చులోకి వచ్చిందే 1869లో, ఇలాంటివాళ్ళని శిక్షించే చట్టం వద్దని వాదించడానికి ఒక హంగేరియన్ రచయిత కల్పించినది. ‘హెటరోసెక్సువల్’ని 1923 వెబ్‌స్టర్ నిఘంటువు ఎదుటి లింగం మీద రోగగ్రస్తమైన మోహం అని రాసింది. అది ‘మామూలు’ అయింది 1934 ముద్రణలో. మీ అమ్మా నాన్నల పెళ్ళిని కూడా ఆ పాత ముద్రణ ప్రకారం జబ్బనే అనాలి.

మీ మీద చెయ్యి చేసుకుంటామన్నా, గదిలో పెట్టి తాళం వేస్తామన్నా, బలవంతంగా పెళ్ళి చేస్తామన్నా ఒంటరిగా ఉండకండి. నమ్మకమున్న స్నేహితురాలికి ఈ రోజే చెప్పండి. ఆధార్, సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకోండి. మీరు మేజర్, ఎక్కడ ఎవరితో ఉండాలన్నది మీ నిర్ణయం. ఆడవాళ్ళిద్దరి పెళ్ళికి ఇక్కడ చట్టపు గుర్తింపు లేదు, 2023లో సుప్రీంకోర్టు ఇవ్వనంది. కానీ కలిసి ఉండడం నేరం కాదు. నాకు మళ్ళీ రాయండి. తప్పకుండా రాయండి.

మా ఆఫీసులో కొత్తగా చేరిన సహోద్యోగి ట్రాన్స్ మహిళ. మాట్లాడేటప్పుడు ఏమనాలో తెలియక మేమంతా దూరంగా ఉండిపోతున్నాం. తెలుగులో ఎలా పిలవాలి? – ఒక ఉద్యోగి

పేరు పెట్టి పిలవండి, గారు చేర్చండి. ఆమె అనండి. సందేహం ఉంటే ‘మిమ్మల్ని ఎలా పిలవమంటారు?’ అని ఒక్కసారి, నలుగురి మధ్య కాకుండా, అడగండి. పాత పేరు, ఆపరేషన్, శరీరం గురించి అడగకండి.

మన భాష మీకు చాలావరకు సాయం చేస్తుంది. తెలుగులో ‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’ అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. హిందీలో ఉంది. క్రియలో మనకి తేడా వచ్చేది పక్కనున్న మూడో మనిషి గురించి చెప్పినప్పుడే. అక్కడ మాత్రం మన వ్యాకరణం వింతగా ఉంటుంది. ‘ఆయన వచ్చాడు’ వేరు, ‘ఆమె వచ్చింది’, ‘రైలు వచ్చింది’ మాత్రం ఒకటే. ఒక్కర్తిగా ఉన్నప్పుడు ఆడమనిషిని వస్తువుల వరసలో పెట్టిన భాష మనది. అదే నలుగురు ఆడవాళ్ళు కలిస్తే మగవాళ్ళతో సమానంగా ‘వచ్చారు’. రైళ్ళు ‘వచ్చాయి’. నేను చదువుకున్నప్పుడు దీన్ని ఎవరూ ప్రశ్నించలేదు, నేనూ ప్రశ్నించలేదు.

మర్యాదగా మాట్లాడినప్పుడు ఈ చిక్కే లేదు. రేపు పొద్దున ఆమె ఆఫీసుకి రాగానే మీరు అనాల్సింది ఇంతే: ‘వచ్చారా, రండి, ఇక్కడ కూర్చోండి.’